ప్రభువు బల్ల దగ్గర గాజుగిన్నెల చప్పుడు

ఈ పుటలు రాస్తున్న చేయి వణుకుతోంది. తలకట్లు అక్కడక్కడా పంక్తి దాటిపోతున్నాయి. బొటనవేలితో ఒక మీట నొక్కితే చాలావరకు నిలిచిపోగల వణుకు ఇది. తెలిసి, ఆలోచించి, దీన్ని నాతో ఉంచుకున్నాను. ఎందుకు ఉంచుకున్నానో చెప్పడమే ఈ రచన ఉద్దేశం. తలలో తీగ పెట్టించుకోవాలా వద్దా అని తేల్చుకోలేక డాక్టరు గది బయట కూర్చున్నవారికీ, పెట్టించుకున్నందుకు సంఘపెద్దల ముందు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చినవారికీ ఇది పనికిరావచ్చు. పనికిరాదన్నా నేను రాయక మానను.

నా పేరు దేవరత్నం. కృష్ణా తీరాన ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టి, ప్రాచ్య కళాశాలలో భాషాప్రవీణ చదివి, రాయపూర్‌లో తెలుగువారి పిల్లల కోసం నడిచిన బడిలో తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేశాను. వీధి అంతా హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడుతుండగా నా తరగతి గదిలో మాత్రం ఉత్పలమాలలూ చంపకమాలలూ నడిచేవి. నా భార్య కరుణ నర్సుగా పనిచేసి ఇంటిపట్టున ఉన్నది. కొడుకు ప్రకాశ్ ఇదే ఊళ్లో మోవా పేటలో కాపురముంటూ కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు. దేవేంద్ర నగర్ దాపున ఉన్న చిన్న తెలుగు మందిరంలో నేను సంఘపెద్దను.

ఆ మందిరపు ఆచారం ఒకటి ముందుగా చెప్పాలి. ప్రతి నెలా మొదటి ఆదివారం, ఈస్టర్ నాడూ మాకు ప్రభువు బల్ల, అంటే క్రీస్తు కడరాత్రి భోజన స్మరణ, ఉంటుంది. రొట్టె అయ్యాక, ద్రాక్షరసం నింపిన చిన్న చిన్న గాజుగిన్నెలను ఒక పళ్లెంలో పేర్చి, పెద్ద ఒకడు వరుస వరుసకూ మోసుకువెళతాడు. పళ్లెం తిరిగేంతసేపూ పాట ఉండదు, వాద్యం ఉండదు. ఆ నిశ్శబ్దమే మా ఆరాధన. ఆ రోజు లేఖనపాఠం చదివినవాడే పళ్లెం మోయాలన్నది రెండో నియమం. చెవికి అందించినవాడే చేతికీ అందించాలని, రైలు పనుల మీద ఈ ఊరికి వచ్చిన మా తొలితరంవారు పెట్టుకున్న కట్టుబాటు అది. ఏళ్ల తరబడి చదివిందీ నేనే, మోసిందీ నేనే.

2018 వేసవిలో, అటువంటి ఒక ఆదివారం, ఆ నిశ్శబ్దంలో గాజుగిన్నెలు మోగాయి.

మొదట ఎక్కడో కిటికీ అద్దం కదులుతున్నదనుకున్నాను. చూస్తే చప్పుడు నా చేతుల్లోనే ఉంది. పళ్లెంలో గిన్నెలన్నీ ఒకదానినొకటి ఒరుసుకుంటూ పళ్లు కొరుకుతున్నట్టు శబ్దం చేస్తున్నాయి. ముందువరుసలో కూర్చున్న పరంజ్యోతి తన గిన్నె తీసుకుంటూ, పెదవులు కదపకుండా అన్నాడు: "ఏంటి పంతులూ, పాట ఎత్తుకున్నావు?"

పరంజ్యోతి రైల్వేలో గార్డుగా చేసి దిగిపోయినవాడు. నేను ఈ ఊళ్లో దిగిన రోజున స్టేషన్లో నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఇల్లు చేర్చినవాడు. ఆనాటి నుంచి నన్ను పంతులూ అని తప్ప మరో పేరుతో పిలిచి ఎరుగడు. అతని హాస్యానికి నవ్వాను గానీ, చివరి వరుస దాకా ఆ చప్పుడు నా వెంట వచ్చింది.

వానలు మొదలయ్యాక నాడీవైద్యుని దగ్గరికి వెళ్లాం. ఆ గది బయట బల్లల మీద రోగులు వరుసగా కూర్చున్నారు. ఒకరి చేయి, ఒకరి గడ్డం, ఒకరి మోకాలు, ఎవరి వణుకు వారిది, ఎవరి లయ వారిది. అలవాటుకొద్దీ గురులఘువులు లెక్కపెట్టబోయి, సిగ్గుపడి మానుకున్నాను. నా పక్కన అభన్‌పూర్ నుంచి వచ్చిన రైతు దంపతులు కూర్చున్నారు. ఆయన ముఖంలో ఏ కదలికా లేదు, కొయ్యలో చెక్కినట్టున్నది. ఆమె కొంగుముడి విప్పి, శనగపిండితో చేసిన ఠేఠరీ ఒకటి ఆయన నోటికి అందించి, ఇంకొకటి నా ముందు చాపింది.

"ఖా లే కకా. నంబర్ ఆయే మా దేరీ హే."

తినవయ్యా, వంతు రావడానికి ఆలస్యముంది అని. నేను కుడిచేయి చాపాను, అది వణికింది. ఆమె చూసీ చూడనట్టు, ఠేఠరీని నా అరచేతిలో పెట్టి నా వేళ్లు తానే మూసింది. మళ్లీ ఎప్పుడూ ఆమెను చూడలేదు. ఆ మూసిన వేళ్లు మాత్రం డాక్టరు మాట విన్న తర్వాత కూడా చాలాసేపు విప్పలేదు.

"పార్కిన్సన్స్" అన్నాడాయన. ఆ పేరు కరుణకు ముందే తెలుసు. ఇంట్లో అడుగు పెట్టాక, "పళ్లెం ఇంకొకరికి ఇచ్చేయండి" అన్నది. ఇవ్వనన్నాను. మా ఇద్దరి మధ్య ఆ జబ్బు తెచ్చిన మొదటి తగవు అది.

కొంతకాలం మందులు నా పక్షాన నిలిచాయి. మహమ్మారి వచ్చి మందిరం మూతపడినప్పుడు, నేను ఆదివారపు పాఠాన్ని ఫోనులో చదివి సంఘమంతటికీ పంపేవాణ్ని. ప్రకాశ్ వాటన్నిటినీ పోగుచేసి దాచాడు. ఆ దాచడం ఎక్కడికి దారితీస్తుందో అప్పుడు నాకు తెలియదు.

2022 నాటికి మందులు నాతో బేరమాడడం మొదలుపెట్టాయి. వేసుకున్న కాసేపటికి నడవగలను, అంతలోనే గుమ్మం దగ్గర పాదాలు నేలకు అతుక్కుపోతాయి. చొక్కా గుండీలు కరుణ పెట్టాలి. అన్నిటికన్నా కష్టమైనది, ప్రార్థనకు మోకరించలేకపోవడం. కాళ్లు వంగేవి కావు. మంచం అంచున కూర్చుని ప్రార్థించేవాణ్ని, అదీ మెడ బిగిసి, దొంగవాడు తల దించుకున్నట్టు ఉండేది.

డాక్టరు అప్పుడే చెప్పాడు: తలలో రెండు సన్నని తీగలు అమర్చి, రొమ్ము చర్మం కింద ఒక చిన్న యంత్రం పెట్టి, దాని ద్వారా విద్యుత్తు పంపితే వణుకూ బిగువూ తగ్గవచ్చునని. జబ్బు పోదు, దాని పట్టు సడలుతుంది, అంతే.

ఈ వార్త మందిరానికి చేరగానే మా పాస్టరుగారి గదిలో పెద్దలు కూడారు. పాస్టరు ఇమ్మానుయేలుగారు వయసులో నా కొడుకంతవాడు, నెమ్మదస్తుడు. పరంజ్యోతే మొదలుపెట్టాడు.

"మందులు మింగితే నేనేమన్నా అన్నానా అయ్యగారూ? తల బద్దలు కొట్టి కరెంటు పెట్టించుకోవడమేంటి? కడవరి దినాల్లో నొసటి మీద సాతాను ముద్ర వేస్తారని చిన్నప్పట్నుంచి విన్నాం. ఇప్పుడు తీగంటారు, రేపు చిప్పంటారు. ఎల్లుండి ఎవడో కూర్చుని నొక్కితే మన పంతులు వాడేం చెప్తే అది చేస్తాడు."

"ఇరవై నాలుగు గంటలూ ఇంట్లో కరుణ చెప్పిందే చేస్తున్నాను గదా, కొత్తగా పోయేదేముంది?" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

"హాస్యం కాదు పంతులూ. దేవుడిచ్చిన బుర్ర అది."

"నీ మోకాలు ఎవరిచ్చారు జ్యోతీ? పోయినేడు మార్పించుకున్నావుగా. లోపలున్న స్టీలు భిలాయిలో చేశారా, పరలోకంలో చేశారా?"

పరంజ్యోతి ముఖం ఎర్రబడింది. "మోకాలు వేరు, తల వేరు."

"ఎందుకు వేరు? ఆయన చేసింది రెంటినీ గదా. ముద్ర అంటే మనిషి ఎవరికి మొక్కుతాడో చెప్పే గుర్తు. ఈ తీగ నన్ను ఎవరికీ మొక్కమనదు. వంగని నా మోకాళ్లను వంచుతుంది. వంగిన తర్వాత ఎవరికి మొక్కాలో నాకు తెలుసు."

పాస్టరుగారు అన్నారు: "మాస్టారూ, మీ మాటలో నాకు తప్పు కనపడలేదు. కానీ సంఘంలో కలవరపడేవాళ్లున్నారు. చికిత్స అయి అందరి మనసూ కుదుటపడేదాకా మీరు బల్లలో పాలు పుచ్చుకోండి. చదవడం, పళ్లెం మోయడం మాత్రం కొంతకాలం ఆపుదాం."

అంటే నేను వరుసలో కూర్చుని తీసుకోవచ్చు, ఇవ్వరాదు. ఇంటికి వెళ్లి ప్రకాశ్‌కు ఫోను చేశాను. "తేదీ ఖాయం చెయ్యి" అన్నాను. ఆ రోజు నన్ను ఆపరేషన్‌కు ఒప్పించింది డాక్టరు కాదని మాత్రం చెప్పగలను.

నా కొడుకు సంబరం వేరు. వాడికి ఇది వైద్యంలా కనిపించలేదు, ఒక మొదలులా కనిపించింది. ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చుని ఫోనులో బొమ్మలు చూపిస్తూ చెప్పేవాడు.

"ఇది స్టార్టింగ్ అంతే నాన్నా. రేపు జ్ఞాపకశక్తికి వస్తుంది, నిద్రకొస్తుంది. ముసలితనం కూడా ఒక బీమారీయే అంటున్నారు. మనిషి బాడీ పాత మోడలు, ఇంకా మార్చాల్సింది చాలా ఉంది."

"అంటే నేను సగం తయారైన సామానునా?"

"అలా కాదు నాన్నా. కళ్లజోడు పెట్టుకున్నావు గదా, అదీ మార్పే గదా. ఎక్కడ ఆపాలో ఎవరు చెప్తారు?"

పరంజ్యోతికి చెప్పిన జవాబే తిరిగి నా మీదికి వచ్చినట్టయింది. మోకాలు సరే, తల సరే, అయితే ఏది సరి కాదు? ఆ గీత ఎక్కడుందో తెలియకుండానే నేను ఆపరేషన్ బల్ల ఎక్కాను.

2023 చలికాలం వెళుతుండగా ఆపరేషన్ జరిగింది. నొప్పి సంగతి రాయను. తల కదలకుండా ఇనుప చట్రంలో బిగించి, నన్ను మెలకువగానే ఉంచారు. తీగ సరైన చోటికి చేరిందో లేదో తెలియడానికి నా చేయి చూడాలి, నా మాట వినాలి. యంత్రానికి విద్యుత్తు మోతాదులు అమర్చే సాహు మేడం నా కుడిచెవి దగ్గర నిలబడింది. స్థానికురాలు, ముప్పై దాటని మనిషి, గొంతులో దిగులన్నది ఎరుగదు.

"కుఛ్ భీ బోలియే బాబూజీ. జో యాద్ హో."

ఏది గుర్తుంటే అది చెప్పమన్నది. చిన్ననాడు కంఠస్థం చేసిన ఒక సీసపద్యం ఎత్తుకున్నాను. ఆ గదిలో తెలుగు వచ్చినవారెవరూ లేరు. పాదం తర్వాత పాదం నడుస్తుండగా విద్యుత్తు పెంచారు. నా కుడిచేయి, ఏళ్ల తర్వాత, కట్టేసినట్టు నిలిచింది. ఎవరో "వాహ్" అన్నారు. అదే క్షణాన మూడో పాదంలో ఒత్తులు జారిపోయాయి. నాలుక మందమై, మహాప్రాణాలన్నీ ఒకే ముద్దగా కలిసిపోయాయి. వారికి తెలియలేదు. వారికి నా పద్యం మొదటి నుంచీ ఒకే రకమైన చప్పుడు. నాకు మాత్రం గణం ఎక్కడ విరిగిందో తెలిసింది. చేతిని చూసి సంతోషించాలో, నోటిని విని భయపడాలో తెలియక నవ్వాను. ఆ నవ్వును వారు విజయమని లెక్కవేసుకున్నారు.

గాయాలు మానాక యంత్రాన్ని మేల్కొలిపారు. దాన్ని ఒక్కసారిగా సరిచేయడం కుదరదు. వెళ్లిన ప్రతిసారీ సాహు మేడం కొంచెం పెంచి, కొంచెం తగ్గించి, అటూ ఇటూ జరిపి చూసేది. ఆ వేసవిలో ఒకనాడు ఏదో కొత్త అమరికతో ఇంటికి పంపింది.

ఆ మర్నాడు నిద్ర లేచేసరికి లోకమంతా వెలిగిపోతున్నది. వంటింట్లో పాడాను. కూరల బండివాడితో ఛత్తీస్‌గఢీలో పరాచికాలాడాను. అన్నిటికన్నా గొప్పది, ప్రార్థన. మోకాళ్లు వంగాయి, కళ్లు మూసుకోగానే ఆయన గదిలోనే ఉన్నాడనిపించింది. ఆనందబాష్పాలు కారాయి. జీవితమంతా వెతుకుతున్న సన్నిధి ఇదేననుకున్నాను. ప్రకాశ్ నన్ను చూసి, "నిన్ను ఇంత హుషారుగా ఎప్పుడూ చూడలేదు నాన్నా. ఈ సెట్టింగే ఉంచెయ్యి" అన్నాడు.

ఆ వారంలోనే మోవాలో మా సంఘపు మేరమ్మగారు పోయారు. మా పెళ్లయిన కొత్తలో కరుణకు ఈ ఊళ్లో తల్లిలాంటి మనిషి. భూస్థాపన దగ్గర అందరూ ఏడుస్తున్నారు. నాలో ఎక్కడా దుఃఖం దొరకలేదు. పెట్టె కిందికి దిగుతుంటే నా ముఖాన చిరునవ్వు ఉన్నదని ఇతరుల చూపులను బట్టి తెలిసింది.

తిరిగి వస్తూ ఆటోలో కరుణ అన్నది: "చచ్చిపోయింది మేరమ్మగారండీ. మీరు పెళ్లిభోజనానికి వచ్చినట్టున్నారు."

"ఏడుపు రావడం లేదు కరుణా. ఏం చెయ్యను?"

"నేను నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఏడుపొచ్చేది. ఈయనెవరో నాకు తెలియదు."

ఆ మాట ఆ వెలుగును దాటి లోపలికి వెళ్లింది. ఆ సాయంత్రం మోకరించాను. ఆనందం యథావిధిగా వచ్చింది, పిలవగానే వచ్చే నౌకరులా వచ్చింది. ఇది కృపా, బ్యాటరీయా? తేల్చుకునే సాధనం నాలో లేదు. తేల్చవలసిన మనసులోకే తీగ వెళ్లింది. బిగిసిన మెడతో, ఎండిన కళ్లతో, మంచం అంచున చేసిన పాత ప్రార్థనలు గుర్తుకొచ్చాయి. వాటిలో ఏ సన్నిధీ తెలియలేదు. అయినా అవి నావని నాకు తెలుసు.

సాహు మేడం దగ్గరికి వెళ్లి తగ్గించమన్నాను. ఆమె నా వైపు వింతగా చూసింది.

"సబ్ లోగ్ ఖుషీ బఢానే ఆతే హైఁ బాబూజీ. ఆప్ ఘటానే ఆయే?"

అందరూ సంతోషం పెంచుకోవడానికి వస్తారు, మీరు తగ్గించుకోవడానికి వచ్చారా అని.

"నా సంతోషం నేనే తెచ్చుకుంటాను అమ్మా. నువ్వు నా కాళ్లు చూడు" అని హిందీలో చెప్పాను. ఆమె నవ్వుతూనే డాక్టరును పిలిచింది. అటువంటి అతిశయోల్లాసం కూడా ఒక దుష్ఫలితమేనని ఆయన చెప్పి, అమరిక మార్పించాడు. ఆ రాత్రి భోజనం దగ్గర మేరమ్మగారి పేరు ఎత్తగానే నాకు దుఃఖం పొర్లి వచ్చింది. కరుణ అన్నం కలుపుతున్న చేయి ఆపి, ఎడమచేత్తో నా వీపు నిమిరి, "వచ్చారా" అన్నది.

ప్రకాశ్ అడిగిన గీత నాకు అక్కడ మొదటిసారి కనిపించింది. అందరి కోసం దాన్ని గీయలేను. నా కాళ్లను నాకు తిరిగి ఇచ్చేది వైద్యం. నా బదులు ఏడ్చేది, నా బదులు నవ్వేది, నా బదులు దేవుని ఎదుట నిలబడేది, అది ఎంత మేలైనదైనా నాకు అక్కర లేదు.

ఇక మిగిలింది చేయీ నోరూ. నడక కుదిరింది, మెడ సడలింది. కానీ కుడిచేయి పూర్తిగా నిలవాలంటే మాట ముద్దవుతున్నది. మాట తేటపడాలంటే చేయి వణుకుతున్నది. ఎన్నిసార్లు జరిపి చూసినా రెండూ ఒక్కచోట దొరకలేదు. ఆసుపత్రి కాగితాల్లో నేను మంచి ఫలితాన్ని. హిందీలో వారడిగే పొట్టి ప్రశ్నలకు పొట్టి జవాబులు చెబుతున్నాను, వారికి అర్థమవుతున్నాయి. తెలుగులో ఒక దీర్ఘవాక్యం చదివితే ఏమవుతున్నదో వారికెలా తెలుస్తుంది? చివరికి సాహు మేడం నాకిచ్చిన రిమోట్ మీటలో రెండు అమరికలూ పెట్టింది. ఒకటి చేతికి, ఒకటి నోటికి. ఏ పూటకు ఏది కావాలో నన్నే నొక్కుకోమన్నది.

2024లో, ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాల్లో పాస్టరుగారు ఇంటికి వచ్చారు. ఈస్టర్ ఆరాధనలో మళ్లీ నేనే బల్ల దగ్గర నిలబడాలని సంఘం కోరుతున్నదట. పరంజ్యోతి ఒప్పుకోలేదట గానీ అడ్డుపడనూ లేదట.

"కానీ మాస్టారూ, చదవడం..." అని ఆయన ఆగిపోయారు. ఆ పూట నేను చేతి అమరికలో ఉన్నాను. టీకప్పు నిశ్చలంగా ఉన్నది, మాటలు మాత్రం జారుతున్నాయి.

"దానికి నేను ఇంతజాం చేశాను అయ్యగారూ" అన్నాడు ప్రకాశ్.

ఆ ఏర్పాటు ఏమిటో శుభశుక్రవారం నాడు తెలిసింది. సిలువ పాఠం చదివే వేళ వచ్చింది. నేను వరుసలో కూర్చుని ఉన్నాను. స్పీకరులోంచి నా గొంతు లేచింది. మహమ్మారి నాటి నా చదువులను కంప్యూటరుకు నేర్పి, నేను ఏనాడూ ఆ విధంగా చదవని పాఠాన్ని నా గొంతుతో చదివించాడు నా కొడుకు. యౌవనంలో కూడా నాకు అంత నిండైన గొంతు లేదు. ఒక్క ఒత్తు జారలేదు. ముందువరుసలో ఆడవారు కళ్లు తుడుచుకున్నారు. నేను పెదవులు బిగించి, బతికి ఉండగానే నా జ్ఞాపకార్థ కూడికలో కూర్చున్నట్టు కూర్చున్నాను.

ఆరాధన కాగానే నలుగురూ వచ్చి, "ఎంత బాగా చదివారు మాస్టారూ" అన్నారు. ప్రకాశ్ ముఖం మెరిసిపోతున్నది. "ఆదివారం ఇది చదువుతుంది, నువ్వు చేతి సెట్టింగులో పళ్లెం మోస్తావు. రెండూ పర్ఫెక్ట్. నువ్వు ఇబ్బంది పడకూడదని చేశాను నాన్నా."

వాడి ప్రేమను నేను శంకించలేదు. అందుకే ఏమీ అనలేకపోయాను. అన్నవాడు పరంజ్యోతి. మందిరం బయట వేసిన షామియానా కింద చెప్పులు వెతుక్కుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"అది నువ్వు కాదు పంతులూ."

"నా గొంతే గదా జ్యోతీ."

"గొంతు నీదే. 'ఆయన ప్రాణము విడిచెను' అనేచోట నువ్వు ఆగుతావు. ఎప్పుడూ ఆగుతావు, ఒక ఊపిరి తీసుకుంటావు. ఆ ఊపిరి కోసం మేమంతా ఆగుతాం. అది ఊపిరి తీసుకోలేదు." చెప్పు దొరికింది, తొడుక్కున్నాడు. "నీ తలలో తీగ నాకిప్పటికీ నచ్చలేదనుకో. అయినా ఆ తీగ ఉన్నవాడు మనిషి. డబ్బాలో ఉన్నవాడెవడు?"

ఆ రోజు ఇంటికి నడిచి వచ్చాను. మా విశ్వాసానికి ఆయువుపట్టు ఏమిటని ఎవరైనా అడిగితే, దేవుడు దేహం ధరించాడని చెబుతాం. అలసిన, ఆకలి వేసిన, చెమట పట్టిన దేహం. మరణాన్ని గెలిచి లేచిన తర్వాత ఆయన తన శిష్యులకు ఏమి చూపించాడు? గాయాలు. సమాధిని ఛేదించగలిగినవాడు చేతుల్లో మేకుల గుర్తులు చెరుపుకోలేడా? చెరుపుకోలేదు. వాటినే చూపించి, ఇది నేనే అన్నాడు. లోపమెరుగని దేహం కోసం ఎదురుచూసేవారికి ఆ పునరుత్థాన దినం అడ్డంగా నిలబడి ఉంది. మహిమలో సైతం మచ్చ ఉన్నదంటే, నా వణుకును చూసి నేను సిగ్గుపడవలసిన అవసరమేమిటి?

ఈస్టర్ ఉదయం, మందిరం మెట్ల దగ్గర నిలబడి, జేబులోని మీట తీసి నోటి అమరిక నొక్కాను. రొమ్ములో చిన్న జలదరింపు. కొద్దిసేపటికి కుడిచేయి తన పాత పాట అందుకున్నది. కరుణ చూసింది, చొక్కా చేతిగుండీ సరిచేసి, "పదండి" అన్నది.

పాఠం వేళ ప్రకాశ్ స్పీకరు పక్కన కంప్యూటరు ముందు సిద్ధంగా ఉన్నాడు. నేను వెళ్లి చదువుబల్ల వెనుక నిలబడ్డాను.

"ఆపరా దాన్ని" అన్నాను.

"నాన్నా, చెయ్యి వణుకుతోంది. పళ్లెం..."

"చూస్తున్నాను. ఆపు."

వాడు పాస్టరుగారి వైపు చూశాడు. ఆయన తల ఊపారు. వాడు మూత దించాడు.

చదివాను. అది స్పీకరులో వచ్చిన గొంతు కాదు, వయసు మీరిన, అంచుల దగ్గర బీటలు వారిన గొంతు. కానీ ఒత్తులు ఒత్తులుగా, దీర్ఘాలు దీర్ఘాలుగా పలికాయి. ఆయన తన చేతులు చూపించాడన్న చోట ఆగాను. ఊపిరి తీసుకున్నాను. మందిరమంతా ఆ ఊపిరి కోసం ఆగడం నాకు వినిపించింది.

తర్వాత పళ్లెం ఎత్తాను.

గిన్నెలు వెంటనే మోగాయి. ఆరేళ్ల నాటికన్నా గట్టిగా మోగాయి. పాట లేదు, వాద్యం లేదు, ఆ చప్పుడు దాక్కోవడానికి చోటు లేదు. ఒక గిన్నె ఒరిగి ద్రాక్షరసం పళ్లెమంతా పారింది. సంఘపెద్ద ఒకరు సాయానికి లేవబోతే పాస్టరుగారు చేయి చాపి ఆపారు. నేను ముందువరుసకు వెళ్లి పరంజ్యోతి ముందు నిలబడ్డాను.

అతను పళ్లెం వైపు చూశాడు, నా నొసటి పైన జుట్టు పెరగని గాటు వైపు చూశాడు. అతని తీర్పు ఏమిటో ఆ క్షణం వరకు నాకు తెలియదు. బహుశా అతనికీ తెలియదు. పళ్లెం అంచు పట్టుకుని ఆపుతాడనుకున్నాను, ఆపలేదు. నా వణుకుతో పాటు తన చేయీ కదిపి, కదులుతున్న గిన్నెను కదులుతుండగానే అందుకున్నాడు. సగం రసం అతని తెల్లచొక్కా ముంజేతి మీద ఒలికింది. తుడుచుకోలేదు.

"ఇంకా మోగుతూనే ఉందేంటి పంతులూ" అన్నాడు, పెదవులు కదపకుండా.

"మోగనీ" అని పక్కవాని ముందుకు జరిగాను.